ఉప్పు తగిలిన చక్కెర

ఈస్ట్ బతికి ఉంటే ల్యాబు తలుపు తీయగానే తెలిసిపోతుంది. పులిసిన దోసెపిండి వాసన, దాని వెనకాలే కాస్త కల్లు వాసన. చచ్చిపోతే ఆ రెండూ ఉండవు, నానిన కొబ్బరి పీచు కంపు ఒక్కటే మిగులుతుంది. మూడేళ్ళపాటు నేను పొద్దున్నే తలుపు తీసి, ముక్కు ఎగబీల్చి, మళ్ళీ పోయాయి అనుకుని చీపురు పట్టుకునేదాన్ని. అలాంటి పొద్దుటిపూటలు ఎన్నయ్యాయో లెక్కపెట్టుకుని ఉంటే ఆ ఉద్యోగం మొదటి ఏడాదే మానేసేదాన్ని.

మా ల్యాబు షాదీపూర్ దాటాక ఎత్తు మీద ఉన్న ఒక రేకుల షెడ్డు. పేరు మాత్రం గొప్పగా పరిశోధన కేంద్రం. అక్కడ పనిచేసేది ఇద్దరమే, మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన పెద్ద సైంటిస్టు ఒకాయన, నేను. ఆయన్ని సర్ అనేదాన్ని. సీసాలు కడగడం దగ్గర్నుంచి జన్యువులు అతికించడం దాకా నా పనే కాబట్టి నా హోదా ఏమిటో నాకే తెలిసేది కాదు. ఏదన్నా పాడైతే మాత్రం అది నా వల్లే అని ఇద్దరికీ తెలిసేది.

చేసే పని చెప్పడానికి కష్టమేం కాదు. ఈస్ట్ చక్కెర తిని సారాయి చేస్తుంది. ఈ సంగతి మా ఇంటి వెనక ఇళ్ళ లైన్లో దొంగచాటుగా కాచేవాళ్ళందరికీ తెలుసు. బాగా కాచిన సారాయి మండుతుంది, ఇంజను నడుపుతుంది. కాకపోతే ఇంజన్లో పోసుకునేంత బెల్లమూ ధాన్యమూ మా దీవుల్లో ఎక్కడివి, అన్నీ ఓడ దిగాల్సిందే. మాకున్నదల్లా చెట్లు. చెట్టు మానులో, పీచులో కూడా చక్కెర ఉంటుంది గానీ అది వేరే జాతి. జైలోజ్ అంటారు. ఇంట్లో చెప్పేటప్పుడు నేను కర్రచక్కెర అనేదాన్ని. మామూలు ఈస్ట్ దాన్ని ముట్టుకోదు. ఆకలికి ఎండిపోయి పడి ఉంటుంది గానీ ముట్టుకోదు. అందుకని, పుచ్చిన కట్టెలో బతికే ఇంకో రకం ఈస్ట్ నుంచి ఆ చక్కెర తినే జన్యువుల్ని తెచ్చి దీనిలో అతికించాలి. అతికించినంత మాత్రాన తినడం మొదలుపెట్టదు. నెలల తరబడి కర్రచక్కెర ఒక్కటే పెడుతూ, చచ్చినవి చావగా మిగిలినవాటిని ఏరుకుంటూ పోవాలి.

విశాఖపట్నంలో చదువుకునేటప్పుడు రెండేళ్ళు ఆ పనే చేశాను. చివరికి ఒక్క రకం నిలబడింది. పైవాళ్ళ అనుమతి కాగితాలు చేతబట్టుకుని, ఆ గొట్టాల్ని థర్మాస్ ఫ్లాస్కులో ఐసు మధ్య పెట్టుకుని ఓడ ఎక్కాను. మూడో రోజు ఐసు కరిగిపోతే ఓడ వంటగదికి వెళ్ళి, "భయ్యా, థోడా బరఫ్ దేదో" అని బతిమాలాను. మందులా అని అడిగాడతను. అవునన్నాను. నాకది అబద్ధమని అనిపించలేదు.

ఇంట్లో అమ్మ వాటిని నీ పురుగులు అనేది. ఫోనెత్తితే అదే వరస. "పురుగులు తిన్నాయేటి? నువ్వు తిన్నావేటి?" ముందు వాటిని అడిగాకే నన్ను అడిగేది.

అసలు నాకీ పిచ్చి ఎందుకు పట్టిందో చెప్పకపోతే మిగతాదంతా దండగ.

మాది హార్బరుకి అవతలి ఒడ్డున హోప్ టౌన్. తాత రోజుల్లో శ్రీకాకుళం ఒడ్డు నుంచి వచ్చి వేట మీద బతికిన ఇల్లు. నాన్నకి ఒక చిన్న ఫైబరు బోటు ఉండేది, పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరసనాయిలు మీదికి మార్చే ఇంజను ఉండేది. సునామీ వచ్చిన ఆదివారం నాటికి నాకు పద్నాలుగేళ్ళు, అన్నయ్యకి ఇరవై. అన్నయ్య ఆ వారం ఇంట్లో లేడు. ముగ్గురు స్నేహితులతో కలిసి రట్లాండ్ దీవి ఒడ్డున చేపలు ఎండబెట్టడానికి వెళ్ళాడు. మా బోటు మీద నాలుగ్గంటల దూరం.

నేల ఊగింది, కాసేపటికి నీళ్ళు వచ్చాయి. అమ్మ, నాన్న, నేను గుట్ట మీదికి పరిగెత్తి బతికాం. విచిత్రం ఏమిటంటే బోటు కూడా బతికింది. నీళ్ళు దాన్ని ఎత్తుకుపోయి స్కూలు గోడ పక్కన చెక్కుచెదరకుండా దించిపోయాయి. ఇంజను ముందు వారమే రిపేరు చేయించి గుట్ట మీద ఒక బంధువు ఇంట్లో ఉంచడంతో, అందులోని కాస్త పెట్రోలుతో సహా అదీ మిగిలింది. మధ్యాహ్నం నాన్న ఒక్కడే కిందికి దిగి ఇంటికి వెళ్ళాడు. చాలాసేపటికి ఖాళీ కిరసనాయిలు డబ్బాతో పైకి వచ్చాడు.

"నూనె నేదు. మూత ఊడిపోనాది, మొత్తం పోనాది" అన్నాడు.

మర్నాడు ఫెర్రీ నడవగానే ఆ డబ్బా పట్టుకుని ఇద్దరం ఫీనిక్స్ బేకి వెళ్ళాం. డబ్బా మోసింది నేను. జెట్టీ అంతా జనం, ఏడుపులు, పేర్లు పిలుస్తూ కాగితాలు పట్టుకున్న పోలీసులు. ఉన్న నూనెంతా పెద్ద ఓడలకీ రెస్క్యూ బోట్లకీ అన్నారు. నాన్న కనబడ్డవాళ్ళందరి ముందూ చేతులు జోడించాడు. "మేరా బేటా ఉధర్ హై సాబ్." నా కొడుకు అక్కడున్నాడన్న ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో. నేను డబ్బా మూత తీసి పట్టుకుని నిలబడ్డాను, ఎవరన్నా మనసు మార్చుకుని పోస్తారేమో, ఆలస్యం కాకూడదని. ఆ రోజూ నిలబడ్డాను, మర్నాడూ నిలబడ్డాను. ఎవరూ పోయలేదు.

నాలుగో రోజు ఒక పోలీసు బోటు అన్నయ్య స్నేహితుల్లో ఇద్దర్ని తెచ్చింది. వాళ్ళలో ఒకడు మా ముందు కూర్చుని అంతా చెప్పాడు. అన్నయ్యకి కాలు విరిగింది. అయినా మడచెట్ల కొమ్మల మీద వాళ్ళతోపాటే ఉన్నాడు. మంగళవారం సాయంత్రం దాకా మాట్లాడుతూనే ఉన్నాడట. "మా నాన్న బోటేసుకుని వస్తాడు, దక్షిణం నీళ్ళు ఆయనకి బాగా తెలుసు" అన్నాడట. బుధవారం తెల్లారి చూస్తే కొమ్మ మీద లేడు.

నూనె ఉండి ఉంటే అన్నయ్య బతికేవాడు. పద్నాలుగేళ్ళదాని బుర్రలో ఈ ఒక్కమాట దిగబడిపోయింది. ఇంటర్‌లో పుస్తకం ఎందుకు తెరిచావంటే అందుకే. ఇంట్లోవాళ్ళు పెళ్ళిమాట ఎత్తితే కంచం తోసేసి లేచానంటే అందుకే. చెట్టులో కూడా చక్కెర ఉంటుందని క్లాసులో మాస్టారు చెప్పినరోజు నాకు అన్నం సహించలేదు.

రెండు నెలలు సహాయ శిబిరంలో ఉండి ఇంటికి తిరిగొచ్చాం. ఊరంతా నూనె కంపు, కుళ్ళు కంపు, బురద. బావి ఉప్పెక్కింది. వాగు మూతి దగ్గర వల వేసేముందు నీళ్ళలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకోవడం నాన్నకి ముందు నుంచీ అలవాటు. మంచినీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయి, ఉప్పునీళ్ళు ఎక్కడ మొదలయ్యాయి అని చూసుకుని దాన్నిబట్టి వల విసిరేవాడు. ఇప్పుడు రోజూ పొద్దున్నే బావి నీళ్ళని అలా చూసేవాడు. ఇంకా ఉప్పే అనేవాడు. రెండు వానాకాలాలు పోయాక ఒకరోజు, "తియ్యబడ్డాది" అన్నాడు.

బావి బాగుపడింది గానీ వంటింటి వెనక అమ్మ తోటకూర చల్లుకునే చోట, ఒక చాప పరిచేంత నేల బాగుపడలేదు. ఏం చల్లినా మొలిచేది కాదు. "ఇదీ కూసింత నాలిక మీదెట్టి సూడు" అంది అమ్మ. నాన్న వంగలేదు. "ఉప్పే. వదిలీ" అని వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకి అమ్మ రుబ్బురోలు దొర్లించుకొచ్చి సరిగ్గా ఆ చోట పెట్టేసింది.

నాన్న మళ్ళీ ఇంజను బిగించలేదు. ఏడాదికోసారి విప్పి, తుడిచి, ఆయిలు రాసి, గోనెలో చుట్టి పెట్టేవాడు. తెడ్డు వేసుకుని హార్బరు లోపలే తిరిగేవాడు. ఒక చోటికి వెళ్ళాక, అక్కడేదో గోడ ఉన్నట్టు, బోటు వెనక్కి తిప్పేవాడు. కొడుకు పోయిన దుఃఖమని లైనంతా అనుకునేది. నేనూ అదే అనుకున్నాను. ఈ దీవి చెట్టులోంచి తీసిన నూనెతో ఆ ఇంజను ఒక్కసారి మోగితే, ఓడ కోసం చూడకుండా, ఎవర్నీ బతిమాలకుండా మోగితే, నాన్న మళ్ళీ మునుపటి మనిషవుతాడని నా ఆశ. నాకు కావలసింది అదొక్కటే. ప్రాజెక్టు కాగితాల్లో మాత్రం వేరే పెద్దపెద్ద మాటలు రాశాం.

ఆ కాగితాల సంగతి చెప్పాలి, ఎందుకంటే మా కొంప ముంచింది అవే. సునామీ నాడు మా వైపు నేల కుంగింది. పొలాలూ కొబ్బరితోటలూ ఉన్నచోటికి రోజుకి రెండుసార్లు సముద్రం వచ్చిపోవడం మొదలైంది. పదేళ్ళయినా తలలు రాలిపోయిన కొబ్బరి మానులు ఆ నీళ్ళలో నిలబడే ఉండేవి. వాటిని చూస్తూ బస్సులో పోయే ప్రతివాళ్ళూ, ఇవి దేనికన్నా పనికొస్తే బాగుండు అనుకునేవాళ్ళు. మేమూ అదే అనుకున్నాం. సునామీ చంపిన చెట్లని ఇంధనం చేస్తామని రాశాం. మెయిన్‌లాండ్‌లో ఆ కాగితాలు చదివిన అధికార్లకి అది బాగా నచ్చింది. మూడేళ్ళు గడువిచ్చారు.

మానుల్ని కోసి తెచ్చి, పొట్టు చేసి, పలచని ఆమ్లంలో ఉడికించేవాళ్ళం. సున్నంతో ఆ పులుపు విరిచి, వడగట్టి, వచ్చిన కషాయాన్ని చక్కెర చిక్కబడేదాకా మరిగించేవాళ్ళం. చల్లారాక నా ఈస్ట్ పోసేదాన్ని. బయట నుంచి తెప్పించిన శుద్ధమైన కర్రచక్కెర ఇస్తే అది బుడబుడమని తినేది. మా కషాయం ఇస్తే రెండో రోజుకి బుడగలు ఆగిపోయేవి. మూడో రోజుకి వాసన పోయేది.

కట్టె ఉడికేటప్పుడు పుట్టే విషాలు చంపుతున్నాయన్నారు సర్. ఉడికించే వేడి తగ్గించాం. నేను అతికించిన జన్యువులు ఊడిపోతున్నాయేమో అన్నారు. మళ్ళీ మొదటి నుంచి చూశాను, ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆమ్లం మార్చాం, సున్నం మార్చాం. చక్కెర చాలట్లేదేమో అని కషాయాన్ని ఇంకా చిక్కగా మరిగించాం. ఎంత చిక్కగా కాస్తే అంత తొందరగా చచ్చేవి. అదేమిటో మాకు బోధపడేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే నా తల నేనే గోడకి కొట్టుకోవాలనిపిస్తుంది.

మూడో ఏడు ఎండాకాలంలో సర్ నన్ను కూర్చోబెట్టి, ఇంకొక్కసారే అని చెప్పారు. "ఔర్ ఏక్ బ్యాచ్. బస్." నెల తిరక్కముందే మెయిన్‌లాండ్ నుంచి ఇద్దరు వచ్చి చూస్తారు. చూపించడానికి సారాయి లేకపోతే షెడ్డు మూసేస్తారు, సామాను ఓడెక్కిస్తారు. నా ఈస్ట్‌ని ఆవిరిలో పెట్టి చంపాలి, జన్యువులు మార్చినదాన్ని బయట వదలకూడదన్నది రూలు. నేను సరే సర్ అని బయటికొచ్చి, కుళాయి విప్పి, నీళ్ళు రాకపోతే కుళాయిని తిట్టాను.

ఆ తర్వాతి రోజుల్లో నేను మనిషిలా లేను. ఇంటికి పోవడం మానేసి షెడ్డు పక్క గదిలోనే పడుకునేదాన్ని. సీసాలతో మాట్లాడేదాన్ని. "తినవే, తినకపోతే నిన్నూ చంపుతారు, నన్నూ చంపుతారు" అనేదాన్ని. అమ్మ ఫోను చేసి పురుగులు తిన్నాయేటి అంటే, "చచ్చాయి, చాలా?" అని పెట్టేశాను. ఒక్కోసారి కళ్ళు మూసుకుంటే మూత తీసిన ఖాళీ డబ్బా చేతిలో ఉన్నట్టే ఉండేది. పదేళ్ళు దాటినా నేను ఫీనిక్స్ బేలోనే నిలబడి ఉన్నాను, ఎవరూ ఏమీ పోయట్లేదు.

నాలుగు రోజులు ఇంటికి రాకపోయేసరికి ఆదివారం మధ్యాహ్నం నాన్న ఫెర్రీ ఎక్కి అన్నం క్యారియరు పట్టుకుని వచ్చాడు. నేను వేరే బల్ల దగ్గర ఉన్నాను. ఆయన క్యారియరు కింద పెట్టి, చల్లారుతున్న కషాయం గిన్నె దగ్గరికి వెళ్ళి, అలవాటుగా వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

నేను కేక వేశాను. ల్యాబులో ఏదీ నోట్లో పెట్టకూడదు, అది మొదటి పాఠం. ఆమ్లం ఉంటుంది, విషం ఉంటుంది, బుద్ధి లేదా నీకు అని మా నాన్నని, నా జన్మలో మొదటిసారి, అరిచేశాను. ఆయన నా అరుపు పట్టించుకోలేదు. నాలుక చప్పరించి బయటికెళ్ళి ఉమ్మాడు.

"ఇదేటే, సముద్రం కాస్తన్నావు" అన్నాడు.

"కొబ్బరి మాను నాన్నా. దాని చక్కెర."

"సక్కిర తగల్నేదు. ఉప్పే. ముంచుకొచ్చే పోటు నీలు కూడా ఇంత ఉప్పుండవు."

వెండి నైట్రేట్ చుక్క ఒకటి వేసి చూశాను. కషాయం పాలలా తెల్లగా విరిగింది. అంత ఉప్పు. పదేళ్ళకి పైగా రోజుకి రెండుసార్లు సముద్రం తాగిన చెట్లని తెచ్చి, ఆ రసాన్ని చిక్కగా మరిగించి, ఎందుకు చస్తున్నారే అని నా పిల్లల్ని నిలదీశాను. చక్కెర కొలిచాం, పులుపు కొలిచాం, పేర్లు నోరు తిరగని విషాలన్నీ కొలిచాం. ఉప్పు కొలవలేదు. ఇద్దరం దీవిలోనే ఉన్నాం, రోజూ ఆ నీళ్ళు చూస్తూనే ఉన్నాం, ఒక్కరికీ తట్టలేదు. ఆ కషాయం ఒక్క చుక్క నాలుక మీద పెట్టుకున్నవాడు లేడు. నేను నేల మీద కూర్చుండిపోయాను. నాన్న క్యారియరు విప్పి పప్పన్నం కలిపి ముద్ద నా నోటి దగ్గర పెట్టాడు. తిన్నాను.

సర్‌కి చెబితే ఆయనా ఒక చుక్క వేసి చూసుకున్నారు. కడిగి వాడదామంటే మా షెడ్డుకి నీళ్ళు మూడు రోజులకోసారి వచ్చేవి. ఉప్పు తగలని పీచు కావాలి. బజారులో బొండాల బండ్ల దగ్గర ఎత్తు తోటల నుంచి వచ్చి, నీళ్ళు తాగి పడేసిన పచ్చి డొక్కలు గుట్టలుగా పడి ఉండేవి. గోనెలు పట్టుకెళ్ళి ఎత్తుకుంటుంటే, ఈ చెత్తతో ఏం చేస్తావని బండివాడు నవ్వాడు. "దీదీ, కచరే కా క్యా కరోగే?" కిందపడ్డ డొక్కలు కూడా ఏరి గోనెలో వేసుకున్నాను. సర్ మాత్రం ఒక్కమాట అన్నారు, మనం రాసింది సునామీ చెట్లని, ఇవి బతికున్న చెట్లవని. తర్వాత చూద్దాం సర్ అన్నాను. ఆయన చొక్కా చేతులు మడిచి డొక్కలు కొట్టడానికి కూర్చున్నారు.

ఈస్ట్ పోసిన మూడో రోజు పొద్దున్న నేను తలుపు తీయడానికి భయపడ్డాను. తాళంచెవి పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. తీసేసరికి దోసెపిండి వాసన. దాని వెనకాల కల్లు. గుమ్మంలోనే నిలబడి ఏడ్చాను. అంత గట్టిగా అన్నయ్య పోయినప్పుడు కూడా ఏడవలేదేమో.

వచ్చిన ఇద్దరూ మర్యాదస్తులే. రెండుసార్లు కాచి తీసిన అర లీటరు సారాయి చూశారు, దూది తడిపి వెలిగించారు, నీలం మంట చూసి తలూపారు. "ఇది సునామీ చెట్ల నుంచేనా?" అని అడిగారు. సర్ నా వైపు చూశారు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. కాదన్నారు. ఉప్పు కథంతా చెప్పారు. వాళ్ళు రాసుకున్నారు. చెప్పిన పని జరగలేదని, బొండాల డొక్కలతో చేసేది ఎక్కడైనా చేయొచ్చని, దానికి దీవి దాకా రానక్కర్లేదని తేల్చారు. వారం తిరక్కుండా మూసేయమని కాగితం వచ్చింది.

ఈస్ట్‌ని నేనే చంపాను. వేరే చేతికి ఇవ్వాలనిపించలేదు. విశాఖపట్నం నుంచి ఐసులో తెచ్చిన గొట్టాలు, వాటి పిల్లలు, పిల్లల పిల్లలు, అన్నీ ఆవిరి కుక్కరులో పెట్టి మూత బిగించి, అరగంట దాని ఎదురుగా నిలబడ్డాను. ఒక్క గొట్టం కొంగులో దాచుకోవచ్చు. దాచలేదు. ఎందుకు దాచలేదని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. సర్ ఆ అర లీటరు సీసా నా చేతిలో పెట్టారు. "లే జావో. లేకపోతే ఇదీ పారబోయాలి" అన్నారు.

మర్నాడు పొద్దున్న సీసా పట్టుకుని హోప్ టౌన్ ఒడ్డుకి వెళ్ళాను. నాన్న బోటు పక్కన వల చిక్కు తీస్తున్నాడు.

"ఇంజను తియ్యి నాన్నా."

"ఇప్పుడెందుకే."

"తియ్యి. పెట్రోలు బదులు ఇది పోసి చూద్దాం. మన డొక్కల్లోంచి వచ్చింది."

ఆయన వల మీంచి తల ఎత్తలేదు. "ఆ ఇంజన్నొగ్గీ అమ్మా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉద్యోగం పోయింది, ఈస్ట్ పోయింది, మిగిలింది ఈ సీసా ఒక్కటే, దీన్ని కూడా వద్దంటాడా అని నోటికొచ్చినట్టు అనేశాను. "నూనె లేకే కదా అన్నయ్య కొమ్మ మీద నీకోసం చూసి చూసి పోయాడు. నువ్వు అందరికీ చేతులు జోడించలేదా? నేను డబ్బా మూత తీసుకుని నిలబడలేదా? నా బతుకంతా దీనికే పెట్టాను. ఒక్కసారి తాడు లాగలేవా నువ్వు?"

నాన్న వల కింద పెట్టాడు.

"నూనె ఉందే" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఏ నూనె అన్నాను.

"ఆ ఆదివారం. డబ్బా నిండా ఉంది, అటక మీద. మూత కూడా కదల్నేదు. బోటు కాడికి మోసుకెల్నాను. నీలు ఎనక్కి పోతన్నాయి, మల్లీ వస్తన్నాయి. నా కాల్లాడనేదు. సముద్రమంటే నాకెప్పుడూ బయం నేదే. ఆ రోజేసింది. డబ్బాతో పైకొస్తే మీ అమ్మ అడుగుద్ది కదా, నూనుంటే ఎల్లవేటని. వంటింటెనకాల పారబోసీసాను."

రుబ్బురోలు కింద నేల. ఉప్పే, వదిలీ.

"మరి ఫీనిక్స్ బేలో?" అన్నాను.

"ఎవలూ ఇవ్వకూడదని మొక్కుకున్నాను" అన్నాడు నాన్న. "ఇస్తే ఎల్లాలి కదా."

"అమ్మకి తెలుసా?"

"దానికి ముక్కు నేదేటి?"

ఆ సీసా ఆయన తలకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ కోపం పూర్తిగా పోయిందని చెప్పలేను. నేను ఇన్నేళ్ళు ఏ లోటు తీర్చాలని కుక్కలా చాకిరీ చేశానో, ఆ లోటే లేదు. నూనె ఉంది. లేనిది వేరే. దాన్ని ఏ చెట్టు ఉడికించి తేగలను? ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. నేనే వెళ్ళి గోనె విప్పి ఇంజను మోసుకొచ్చాను. అరవైల్లోకి వచ్చిన మనిషి, పరిగెత్తుకొచ్చి రెండోవైపు పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి బిగించాం. సీసాలోది మొత్తం ట్యాంకులో పోశాను.

"ఎక్కు" అన్నాను.

ఎక్కాడు. చోక్ సగం మూసి ఉంచమని చెప్పాను. నాలుగోసారి తాడు లాగితే దగ్గింది, ఆరోసారికి అందుకుంది. పొగ లేదు, నల్ల వాసన లేదు, సారా బట్టీ దగ్గర వచ్చే వాసన వచ్చింది. ఒడ్డు మీద వల అల్లుకునేవాళ్ళు లేచి నిలబడ్డారు. నాన్న బోటు హార్బరు మూతి వైపు తిప్పాడు. ఎప్పుడూ వెనక్కి తిప్పే చోటు వచ్చింది. ఆయన ఒకసారి ఒడ్డు వైపు చూశాడు. తిప్పలేదు. దాటించాడు. అల పెద్దదైంది, బోటు ఎత్తేసి దింపింది, ఆయన పళ్ళు బిగించి దక్షిణానికి పట్టాడు.

పది నిమిషాలు కూడా నడవలేదు. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. అర లీటరు మరి, అంతకన్నా ఎక్కడ వస్తుంది. నీళ్ళు బోటు పక్కకి తగిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. నాన్న దక్షిణం వైపే చూస్తున్నాడు. ఆ ఎండలో రట్లాండ్ గీతలా కనబడుతోంది.

"నాలుగ్గంటలే కదే" అన్నాడు.

ఆయన మళ్ళీ అదే మాట అన్నాడు, ఎవరో దూరం తప్పుగా చెప్పినట్టు, దాన్ని సరిదిద్దుతున్నట్టు. కాసేపు చూసి, తెడ్లు రెండూ నేనే తీసుకుని బోటుని ఒడ్డు వైపు తిప్పాను.